గాలి పీల్చు బ్యాటరీ, నీరు పట్టు జిగురు

బ్యాటరీ చక్కగా పనిచేయుచున్నంతకాలము దానిని ఎవరును తలపరు. కరెంటు పోయిన రాత్రి మాత్రమే అది జ్ఞప్తికి వచ్చును. 2023 జూలైలో మునేరు పొంగి, నందిగామ చెంత ఐతవరము వద్ద జాతీయ రహదారి మీదుగనే ప్రవహించినప్పుడును, మరల 2024 సెప్టెంబరు తొలిదినములలో మునేరు, బుడమేరు ఒక్కుమ్మడిగా విజృంభించినప్పుడును, కృష్ణా తీరపు ప్రజలకు ఈ సంగతి బాగుగా తెలిసివచ్చినది. విజయవాడలో కొన్ని వాడలు దినముల తరబడి చీకటిలో నుండెను. ఎంత ఖరీదైన ఫోనైనను రెండవనాటికి మూగవోవును గదా! ఇంట ఒక టార్చిలైటును, రెండు పెన్సిలు బ్యాటరీలతో నడచు చిన్న రేడియోయును ఉన్నవారు ఆ రాత్రులలో భాగ్యవంతులు.

పెనుగంచిప్రోలు మునేటి యొడ్డుననే యున్న గ్రామము. 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినను, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములను కృష్ణా జిల్లా మెట్ట అని పిలుచుటయే ఇప్పటికిని మా నోటికి అలవాటు. తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకు లక్షలాది దీపములు వెలుగు ఆ చోటనే, వరద వచ్చిన రాత్రి అగ్గిపుల్ల కొరకు వెదకుకొనవలసి వచ్చును. విద్యుచ్ఛక్తిని పుట్టించుట మనము నేర్చితిమి. మెట్టపొలములలో సౌరఫలకములు సైతము మెరయుచున్నవి. పుట్టించిన శక్తిని గాదెలో ధాన్యమువలె నిలువజేసి, కావలసినప్పుడు తీసికొనుట మాత్రము ఇంకను చవుకగా మనకు చేతగాలేదు. ఆ గాదె కొరకు శాస్త్రజ్ఞులు చేయుచున్న అన్వేషణలలో ఒకదానిని గూర్చి ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి. అది గాలిని పీల్చి పనిచేయు బ్యాటరీ. దాని కడుపులో ద్రవమునకు బదులు నీటితో నిండిన ఒక మెత్తని జిగురు ఉండును.

రేడియో శ్రోతలకు ఈ గాలి బ్యాటరీతో పూర్వబంధుత్వము కలదు. 1878లోనే ఫ్రాన్సు దేశీయుడగు మెయిష్ అను నాతడు, బ్యాటరీలోని ఒక రసాయనపదార్థమునకు బదులుగా గాలిలోని ప్రాణవాయువును వాడవచ్చునని చూపెను. 1932లో అమెరికాలో హైజ్, షుమాకర్ అను నిరువురు, మైనపు పూత పట్టించిన బొగ్గుపలకతో జింకు–గాలి బ్యాటరీని రూపొందించిరి. అట్టివి రైల్వే సంకేత దీపములకు పనికివచ్చెను. అదే దశకపు తొలిభాగమున, కరెంటులేని అమెరికా పల్లెలలో రైతుల ఇండ్లనున్న రేడియోలు కొన్ని ‘ఎయిర్ సెల్’ అను పేరుగల గాలి బ్యాటరీలతోనే పాడెను. మన సంగతి చూతము. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రసారములు ప్రారంభించినప్పుడు మెట్టప్రాంతపు గ్రామములు అనేకములకు కరెంటు లేదు. అటువంటిచోట్ల రేడియోకు బ్యాటరీయే ప్రాణము. అది అయిపోయిన దినమున ఆ యూరికి వార్తలు లేవు, వ్యవసాయ సలహాలు లేవు, హరికథయు లేదు. మా ప్రసారము ఎంత మధురమైనదైనను, వినువారి బ్యాటరీలో సత్తువ ఉన్నంతవరకే దానికి విలువ!

ఇప్పటికిని మన యిండ్లలో గాలి పీల్చు బ్యాటరీ యొకటి కలదు. చెవి సరిగా వినిపింపని తాతగారికో మామ్మగారికో పెట్టు వినికిడి యంత్రములోని చిన్నబిళ్లను పరికించి చూడుడు. పెక్కింటిలో నుండునది జింకు–గాలి ఘటమే. దాని వీపున రంగుకాగితము అంటించి యుండును. ఆ కాగితము ఊడబెరికినచో సూదిమొన యంతటి రంధ్రములు కనబడును. అవియే దాని నాసికారంధ్రములు. కాగితము ఉన్నంతకాలము అది నిద్రించును. తీసినతోడనే ఊపిరి పీల్చుకొని మేల్కొనును.

లోపల జరుగు పని యేమి? ఒక ప్రక్క జింకు పొడి యుండును. జింకును మన పూర్వులు యశదమనియు తుత్తునాగమనియు పిలిచిరి. రెండవ ప్రక్క గాలిని రానిచ్చు సన్నని బొగ్గుతెర యుండును. రెంటి నడుమ, కాస్టిక్ పొటాషు కలిపిన ఘాటైన క్షారజలము. దీనిని శాస్త్రమున ‘విద్యుద్విశ్లేష్యము’ అందురు. ఈ మాటను మైకు ముందు పదిమార్లు పలుకుట మాకే కష్టము గనుక, ‘క్షారరసము’ అని చెప్పుకొందము. బొగ్గుతెర గుండా వచ్చిన ప్రాణవాయువు నీటితో కూడి, హైడ్రాక్సిల్ అయానులుగా మారును. ఋణవిద్యుత్తు పూనిన ఆ కణములు క్షారరసములో పయనించి జింకును చేరును. జింకు తన ఎలక్ట్రానులను విడిచి, తుదకు తెల్లని భస్మమగును. ఇది చర్మపు పూతమందులలో వైద్యులు వాడు జింకు ఆక్సైడే. విడిచిన ఎలక్ట్రానులు తీగవెంట వెలుపలికిపోయి, దీపము వెలిగించియో, మాట వినిపించియో, మరల బొగ్గుతెర వద్దకు వచ్చును. సరళముగా చెప్పవలెనన్న, జింకు మంట లేకుండ మెల్లగా కాలుచున్నది. ఆ వేడిమికి బదులు మనకు విద్యుత్తు లభించుచున్నది.

దీనిలోని లాభమేమని అడుగవచ్చును. తక్కిన బ్యాటరీలు తమకు కావలసిన రెండు పదార్థములను కడుపులోనే మోసికొని తిరుగవలెను. ఇది ఒకదానిని మాత్రము మోయును. దారిపొడుగునను చలివేంద్రములున్నవని తెలిసిన బాటసారి నీళ్లకుండను ఇంటనే విడిచి చేతులూపుకొనుచు నడచునట్లు, ఇది ప్రాణవాయువును బయటనే విడిచి పయనించును. ఒక కిలో జింకు సిద్ధాంతరీత్యా సుమారు 1,350 వాట్-గంటల శక్తి నీయగలదు. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బును 150 గంటలు వెలిగించుటకు అది చాలును. ఆచరణలో ఇంత రాదు. పెట్టె, నీరు, తెర మొదలైనవాటి బరువు కూడ లెక్కకు వచ్చును. అయినను నేటి ఘటములు కిలోకు 300 వాట్-గంటలను మించగలవు. ఇంటి ఇన్వర్టరుకు వాడు సీసపు బ్యాటరీ కిలోకు 30, 40 వాట్-గంటలు మాత్రమే ఇచ్చును. వింతయేమన, గాలి బ్యాటరీ వాడుకొలది బరువెక్కును. కిలో జింకు పూర్తిగా భస్మమగువరకు గాలినుండి దాదాపు పావుకిలో ప్రాణవాయువును తనలో కలుపుకొనును.

ఇంత సుగుణవతియైన బ్యాటరీ ప్రతి యింటను ఏల లేదు? గాలికి తెరచియుంచిన వాకిలియే దానికి కారణము. తెరచిన వాకిలిలో అతిథియు వచ్చును, దొంగయు వచ్చును.

మొదటి చేటు, నీరు ఆరిపోవుట. రోహిణీకార్తెలో నందిగామ, జగ్గయ్యపేటలలో ఎండ 45 డిగ్రీలకు చేరునప్పుడు బిందెలోని నీరే తగ్గిపోవుచుండ, సన్నని పొరగా నున్న క్షారరసము నిలుచునా? వానకాలమున దీనికి విరుద్ధము. క్షారము గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, తెరలోని రంధ్రములు మునిగిపోవును, ఊపిరి ఆడదు. ఎండకు దాహము, వానకు జలోదరము అన్నమాట.

రెండవ చేటు మరింత సూక్ష్మమైనది. దానిని తెలిసికొనుటకు జగ్గయ్యపేటవారికి ప్రయోగశాల అక్కరలేదు. సున్నపురాయి ఆ ప్రాంతపు సొత్తు. ధనబోడు స్తూపమునకు శిల్పులు పలకలు చెక్కినదియు సున్నపురాతిపైననే. నేటి సిమెంటు కర్మాగారములు నడచుచున్నదియు ఆ రాతివలననే. తడిసున్నమును మూత లేకుండ ఒక పూట ఉంచినచో తేటపైన పలుచని తెల్లపొర కట్టును. గోడకు వేసిన సున్నము కొన్ని దినములకు రాయివలె గట్టిపడును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి దానిని మరల సున్నపురాయిగా మార్చుటయే ఇందలి రహస్యము. బ్యాటరీలోని కాస్టిక్ పొటాషుకును ఇదే గతి పట్టును. అది పొటాషియం కార్బొనేటుగా మారి, బొగ్గుతెర రంధ్రములలో స్ఫటికములు కట్టును. గాలిలో ప్రతి పదిలక్షల పాళ్లలో బొగ్గుపులుసు వాయువు 420 పాళ్లకు కొంచె మెక్కువ. ఇది స్వల్పమే, కాని రాత్రింబవళ్లు ఊపిరి పీల్చు బ్యాటరీకి ఆ స్వల్పమే విషమగును. గోడకు బలమిచ్చు రసాయనక్రియయే బ్యాటరీకి ఆయువు తీయుచున్నది.

మూడవది కారుట. చాలకాలము వాడక విడిచిన టార్చిలైటును విప్పి చూచినవారికి, బ్యాటరీ కారి స్ప్రింగును తినివేసిన దృశ్యము సుపరిచితమే. కాస్టిక్ పొటాషు చర్మమును కాల్చును. కంట పడినచో మిక్కిలి ప్రమాదము.

ఈ మూడు చేటులను ఒక్క యుక్తిచే కొంతవరకైనను అణచుటకై వచ్చినదే నీటిజిగురు, శాస్త్రభాషలో హైడ్రోజెల్. పేరు క్రొత్తదే గాని వస్తువు మన వంటింటిదే. వేసవిలో గ్లాసుడు నీటిలో చెంచెడు సబ్జాగింజలు వేసి చూడుడు. పావుగంటలో ఒక్కొక్క గింజ చుట్టును తెల్లని మెత్తని పొర ఉబ్బి నిలుచును. ఆ పొర చాలవరకు నీరే. అయినను గ్లాసు వంచినచో నీటివలె జారిపోదు. లేత తాటిముంజయు అట్టిదే. వ్రేలితో నొక్కిన మెత్తగా లోబడును, విడిచిన మరల మునుపటి రూపము పొందును. చూచుటకు ఘనము, లోన జలము. ఇందలి కిటుకు ఒక వల. కంటికి కనబడని పొడవైన అణుగొలుసులు అక్కడక్కడ ముడివడి చేపలవలవలె అల్లుకొనియుండును. నీరు ఆ వలకన్నులలో చిక్కుకొని నిలుచును.

బ్యాటరీలో జిగురు వాడుటయు క్రొత్త కాదు. 1866లో లెక్లాంషే నిర్మించిన ఘటములో ద్రవము ఉండెడిది. అది గాజు జాడీని వీడి కదలలేదు. 1886లో జర్మనీలో గాస్నర్ ఆ ద్రవమును ముద్దగా మార్చి డ్రైసెల్లును సృష్టించెను. తరువాతి కాలమున టార్చి బ్యాటరీలలో పిండిని ఉడికించి చేసిన గంజివంటి ముద్ద చాలకాలము వాడబడెను. మన యింటి యిల్లాలు చీరకు పెట్టు గంజికిని, నాన్నగారి టార్చిలోని ముద్దకును దగ్గరి చుట్టరికమే.

నేటి హైడ్రోజెల్ యుగమునకు నాంది 1960లో ప్రేగ్ నగరమున జరిగినది. విఖ్టెర్లె, లీమ్ అను శాస్త్రజ్ఞులు, శరీరమునకు హాని చేయని నీటిజిగురును కనుగొన్నామని ప్రకటించిరి. మరుసటియేట క్రిస్మస్ దినములలో విఖ్టెర్లె తన యింటిలోనే, పిల్లల ఇనుపముక్కల ఆటసామానును, సైకిలు డైనమోను కలిపి ఒక యంత్రము బిగించి, కంటిపాపపై పెట్టుకొను మెత్తని కటకములు చేసెను. నేడు పసిపాపల డయపర్లలోని తెల్లనిపొడి, సోడియం పాలియాక్రిలేటు, ఇదే కుటుంబములోనిది. అది శుద్ధజలమును తన బరువునకు కొన్ని వందల రెట్లు పట్టగలదు. వానాధారపు సేద్యమున నేలలో తేమను నిలుపుటకై ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు సెల్యులోజుతో ‘పూసా హైడ్రోజెల్’ తయారుచేసిరి. మిరప, ప్రత్తి పండించు మన మెట్టరైతులు కొందరు దాని పేరు వినియేయుందురు.

గాలి బ్యాటరీకొరకు ఈ జిగురులనే క్షారరసములో నానబెట్టుచున్నారు. పాలీవినైల్ ఆల్కహాలు, పాలియాక్రిలమైడు, పాలియాక్రిలిక్ ఆమ్లపు లవణములు, చెట్టునార నుండి తీసిన సెల్యులోజు మున్నగువాని నన్నిటిని పరీక్షించిరి. ఇచ్చట ఒక సందియము కలుగవచ్చును: ముద్దగానున్న జిగురులో విద్యుత్తు ఎట్లు పారును? దీనిని కొంచెము నిదానముగా చూతము. ఈ విషయమున అసలు మర్మము ఇదియే.

విద్యుత్తు పారుటలో రెండు తెరగులు కలవు. రాగితీగలో ఎలక్ట్రానులు పారును. క్షారరసములో అయానులు పారును. జింకునకు, గాలితెరకు నడుమనున్న జిగురు అయానులను మాత్రమే పోనీయవలెను. ఎలక్ట్రానులను ఏమాత్రము పోనీయరాదు. పోనిచ్చినచో బయటి తీగతో పనిలేకుండ లోలోపలనే శక్తి వ్యయమై బ్యాటరీ నిష్ప్రయోజనమగును. కావున ఈ నడిమి జిగురును ‘వాహకము’ అన్నప్పుడు అయానులకు వాహకమని మాత్రమే గ్రహింపవలెను. వార్తాపత్రికలలో ఈ రెంటిని కలగలిపి వ్రాయుట మేము పలుమారు చూచితిమి.

అయాను పయనము ముచ్చటైనది. తిరునాళ్లనాడు పెనుగంచిప్రోలు గుడి ముంగిట జనము క్రిక్కిరిసి యున్నదనుకొనుడు. వెనుక నిలిచిన భక్తుడు కొబ్బరికాయను అమ్మవారికి పంపవలెను. తాను కదలలేడు. ముందువానికి అందించును, అతడు తన ముందువానికి అందించును. మనుష్యులు నిలిచినచోటనే నిలిచియుందురు, కాయ మాత్రము గుడి చేరును. నీటిలో హైడ్రాక్సిల్ అయాను పయనము చాలవరకు ఇట్టిదే. నీటి అణువులు ఉదజనిని ఒకదాని చేతినుండి మరియొకదాని చేతికి మార్చుకొనుటచే, అయాను ఎగిరెగిరి పోయినట్లు అగుపించును. 1806లో గ్రోత్తూస్ అను శాస్త్రజ్ఞుడు ఊహించిన ఈ ‘చేతిమార్పు’ ఆలోచన, సవరణలతో నేటికిని నిలిచియున్నది. జిగురు వలకన్నులలో నీరు సమృద్ధిగా నున్నంతకాలము ఈ అందింపు సాగును. నీరు ఆరినచో నడుమ జనము పలుచనై, కాయ ఎక్కడిదక్కడనే నిలిచిపోవును. కనుకనే నీటిని నిలుపు శక్తియు, విద్యుత్తును పోనిచ్చు శక్తియు ఈ జిగురులో ఒకదానినొకటి విడువరానివి.

ఎలక్ట్రానులను పారించు జిగురులును వేరుగా కలవు. వాటిని గాలితెర వంటి విద్యుద్ధ్రువములలో వాడజూచుచున్నారు. ప్లాస్టిక్కు జాతి పదార్థము విద్యుత్తును ప్రసరింపజేయగలదని 1977లో షిరాకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ అనువారు చూపినప్పుడు లోకము విస్తుపోయెను. వారికి 2000లో నోబెల్ బహుమానము లభించినది. పాలీయనిలీను వంటి అట్టి పదార్థములను, సన్నని బొగ్గునాళములను నీటిజిగురులో కలిపి, మెత్తగా వంగుచు విద్యుత్తును పోనిచ్చు ధ్రువములు చేయుచున్నారు. ముంజికట్టున గాజువలె వంగు బ్యాటరీయను కల ఈ దారిలోనిదే. ఇది ముఖ్యముగా వైద్యపరికరములకు పనికివచ్చునేమో గాని, మన యింటి దీపమునకు వంగవలసిన అగత్యము లేదు.

ఇంతవరకు బ్యాటరీని వాడుటనుగూర్చి చెప్పితిమి. దానిని మరల నింపుట, అనగా ఛార్జి చేయుట, అసలైన అగ్నిపరీక్ష. వినికిడి యంత్రపు బిళ్ల ఒక్కసారి వాడి పారవేయునది. ఇంటికిని పొలమునకును కావలసినది వేలమార్లు నిండి ఒరుగునది. ఛార్జి చేయునప్పుడు భస్మమైన జింకు మరల లోహముగా పేరుకొనవలెను. అది నున్నగా పరచుకొన్నచో మేలే. కాని అట్లు జరుగదు. ఎక్కడనైన చిన్న మొన లేచినచో విద్యుత్‌ప్రవాహము ఆ మొనవైపే ఎక్కువగా పోవును. ఎక్కువ ప్రవాహము వచ్చుటచే అచ్చటనే ఎక్కువ జింకు చేరును. మొన కొమ్మయగును, కొమ్మ రెమ్మలు వేయును. సర్కారుతుమ్మ పొలమును ఆక్రమించినట్లు జింకుముళ్లు నడిమి రసములోనికి పెరిగి, తుదకు గాలితెరను తాకును. తాకిన క్షణముననే బ్యాటరీ ఆయువు ముగియును.

ద్రవములో ఈ ముళ్లకు అడ్డమే లేదు. జిగురు కొంత అడ్డగించును. దాని బిగువైన వల మొనలను వెనుకకు నెట్టును. గొలుసులకు వ్రేలాడు రసాయన సమూహములు జింకు అయానులను సమముగా పంచి ఒక్కచోట కుప్పపడనీయవు. పొటాషియం అయొడైడు చేర్చిన జిగురులు ఛార్జికి వలయు వోల్టేజిని తగ్గించుచున్నవని కూడ ప్రయోగములు తెలుపుచున్నవి. ఆ వోల్టేజి తగ్గుట మామూలు సంగతి కాదు. జింకు–గాలి ఘటము విద్యుత్తు నిచ్చునప్పుడు సుమారు 1.2 వోల్టులు ఇచ్చును. నింపుకొనునప్పుడు సుమారు 2 వోల్టులు కోరును. అనగా నూరు పాళ్లు పోసిన గాదెనుండి అరువది పాళ్లే తిరిగివచ్చును. లిథియం బ్యాటరీ తొంబది పాళ్లు ఇచ్చును. మునేటి కాలువనుండి పొలమునకు వచ్చు నీటిలో నూటికి నలువది పాళ్లు దారిలోనే ఇంకిపోయిన రైతు ఊరకుండునా? ఈ నష్టమునకు ముఖ్యకారణము గాలితెర వద్ద ప్రాణవాయువు యొక్క మందకొడితనము. దానిని పురికొల్పు ఉత్ప్రేరకములుగా ప్లాటినము, ఇరిడియము వాడిన బ్యాటరీ బంగారు నగవలె పెట్టెలో దాచుకొనవలసినదగును. అందుచే మాంగనీసు, కోబాల్టు, నికెలు, ఇనుముల సమ్మేళనములకై వెదకుచున్నారు.

జిగురుకును తన బాధలు తనకు కలవు. తాను మోయు క్షారమే తనను తినివేయును. పాలియాక్రిలమైడు గొలుసులు ఘాటైన క్షారములో క్రమముగా రూపు మారును. క్షారము హెచ్చినకొలది కొన్ని జిగురులు నీటిని పట్టలేక కుదించుకొనిపోవును. తక్కువచేసిన విద్యుత్తు మందగించును. బొగ్గుపులుసు వాయువు రాకను జిగురు నెమ్మదింపజేయునే గాని ఆపలేదు. ఈ బాధను మూలచ్ఛేదము చేయుటకు 2021లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ శాస్త్రజ్ఞులు పాల్గొన్న బృందము వేరుదారి త్రొక్కినది. వారు క్షారమును పూర్తిగా విడిచి, మరియొక జింకు లవణపు ద్రావణముతో, జింకు పెరాక్సైడు ఏర్పడునట్లు బ్యాటరీ నడపి చూపిరి. మా దృష్టిలో ఇది మిక్కిలి ఆశాజనకము. సున్నము రాయికాకుండ చూచుకొనుటకన్న, సున్నమే లేకుండ ఇల్లు కట్టుట తెలివిగదా!

పత్రికలలో ‘వంద గంటలు నడచినది’, ‘వేయి గంటలు నడచినది’ అని చదివినప్పుడు మనము అడుగవలసిన ప్రశ్నలు కలవు. ఆ బ్యాటరీ పరిమాణమెంత? రూపాయి బిళ్లయంతయా, ఇటుకయంతయా? ప్రతిసారి పూర్తిగా ఒరిగించి నింపిరా, పైపైన తాకి విడిచిరా? చల్లని గదిలో పరీక్షించిరా, పెనుగంచిప్రోలు పెంకుటింటి వసారాలో మే నెలయందు పరీక్షించిరా? ప్రయోగములనేకము చిన్నఘటములతో, అనుకూలమైన ఉష్ణోగ్రతలోనే జరుగుచున్నవి. రోహిణీకార్తెను గెలిచిన జిగురే మన జిగురు.

అయినను ఇంత శ్రమ ఏల? లిథియము చాలదా? 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక యింట ఛార్జి అగుచున్న ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ ప్రేలి ఒకరు మరణించిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో సికింద్రాబాదున ఎలక్ట్రిక్ స్కూటర్ల దుకాణమున్న భవనములో మంటలు లేచి, పైయంతస్తుల వసతిగృహమున నున్న ఎనిమిదిమంది ప్రాణములు కోల్పోయిరి. లిథియం బ్యాటరీలోని ద్రవము మండు స్వభావము కలది. నీటిజిగురులో చాలవరకు నీరే గనుక అట్లు అంటుకొనదు. దీనివలన స్కూటర్లలోనికి రేపే జింకు వచ్చునని కాదు. బరువుబండిని ఒక్క ఉదుటున పరుగెత్తించు శక్తి గాలి బ్యాటరీకి తక్కువ. దీని స్థానము కదలని చోటనే: పంచాయతీ కార్యాలయపు మూలన, ఆరోగ్యకేంద్రపు టీకామందుల పెట్టె ప్రక్కన, సౌరఫలకపు నీడలో. వరదరాత్రి ఆరోగ్యకేంద్రములో దీపమొకటి వెలుగుట ఎంతటి విషయమో మునేటి తీరమువారికి మేము చెప్పనక్కరలేదు.

జింకు మన దేశమున కరవైన లోహము కాదు. రాజస్థానమందలి జావర్‌లో, ఐరోపావారు పదునెనిమిదవ శతాబ్దమున ఈ విద్య నేర్చుటకు చాల ముందే, మట్టిమూసలలో జింకును ఆవిరిచేసి పట్టిరి. మన విశాఖపట్టణమున 1977లో ప్రారంభమైన జింకు కర్మాగారము మాత్రము చాల యేండ్ల క్రిందటనే మూతపడినది. బ్యాటరీల పరిశ్రమ తెలుగునాట వేరూనియేయున్నది. హైదరాబాదు హెచ్.బి.ఎల్. సంస్థ రైల్వేలకును రక్షణశాఖకును బ్యాటరీలు చేయుచున్నది. తిరుపతి చెంత కరకంబాడిలో పుట్టిన అమరరాజా సంస్థ, లిథియం బ్యాటరీలకై 2023లో మహబూబ్‌నగరు చెంత దివిటిపల్లిలో శంకుస్థాపన చేసినది. గాలి బ్యాటరీలలో అల్యూమినియము వాడు రకమునకై ఇండియన్ ఆయిల్ సంస్థ 2021లో ఇజ్రాయేలుకు చెందిన ఫినర్జీతో కలిసి ఉమ్మడి సంస్థ నెలకొల్పినది. అల్యూమినియపు బ్యాటరీని కరెంటుతో నింపుట కుదరదు, పలకలనే మార్చవలెను. తమిళనాట కారైక్కుడిలోని కేంద్రీయ విద్యుద్రసాయన పరిశోధనాలయము దశాబ్దములుగా బ్యాటరీ పరిశోధనలకు పట్టుగొమ్మ. మన విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఆ త్రోవ పట్టుట మంచిది.

ఇక ఇంటివారికి ఉపయోగించు నాలుగు మాటలు చెప్పి విరమింతుము. వినికిడి యంత్రపు బిళ్లపై కాగితము తీసిన వెంటనే యంత్రములో పెట్టి మూయరాదు. ఒకటి నుండి అయిదు నిముషముల వరకు గాలి పీల్చుకొననీయవలెను. లేనిచో తాతగారు ‘ఇది పాడైనదిరా’ అని క్రొత్తబిళ్లనే పారవేయుదురు. కాగితము మరల అంటించిన ఆయువు మిగులునని కొందరు తలతురు. దానివలన ప్రయోజనము స్వల్పము. మేల్కొన్న బిళ్ల వాడినను వాడకున్నను కొన్ని వారములలో ముగియును. కనుక అవసరమైననాడే కాగితము తీయుడు. ఫ్రిజ్జులో దాచుడనుట మంచి సలహా కాదు. తేమ పట్టి చెడిపోవును. బిళ్ల కొనునప్పుడు కాగితపు రంగు చూచుకొనుడు: 10వ సంఖ్యకు పసుపు, 312కు గోధుమ, 13కు నారింజ, 675కు నీలము. పాతబిళ్లలను పసిపిల్లలకు అందని చోట మూతగట్టి యుంచుడు. పిల్లవాడు ఏరకపు బిళ్లనైన మ్రింగినను, ముక్కులోనో చెవిలోనో దూర్చుకొన్నను, వాంతి చేయించుటకు యత్నింపక, ఆ బిళ్ల వచ్చిన అట్టను చేతబట్టుకొని ఆ క్షణముననే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.